కంటి కెమెరా తిరిగి వెళ్లిపోయింది

మంగళవారం, రాత్రి

మా ఆరోగ్య కేంద్రంలో కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చిన కంటి కెమెరాను ఈరోజు వ్యానులో తీసుకెళ్లిపోయారు. షుగరున్నవాళ్ల కంటి లోపల ఫొటో తీసి, చూపు పోయే ప్రమాదాన్ని ముందే పట్టేసేది. బాగా పనిచేసింది. కానీ కొనాలా వద్దా అని తేల్చే కమిటీ అడిగింది అది కాదు. జబ్బు బయటపడ్డవాళ్లలో ఎంతమంది పెద్దాసుపత్రికి వెళ్లి వైద్యం చేయించుకున్నారని అడిగారు. చాలా తక్కువ. కాబట్టి కెమెరా వల్ల మేలు జరిగినట్టు రుజువు లేదట.

పెద్దాసుపత్రిలో కంటి డాక్టర్లు చూసేది పొద్దున మాత్రమే. రెడ్డియార్‌పాళయంలో కూరగాయల కొట్టు నడిపే సరోజక్కకూ ఈ కెమెరాలోనే జబ్బు బయటపడింది, కానీ ఆమెకు బేరమంతా పొద్దున్నే. ఎన్నిసార్లు పొమ్మన్నా "కొట్టు మూసిపెట్టి యాడికి పోయేది సిస్టరమ్మా" అనేది. మీటింగులో ఈ సంగతి చెప్పాను. "అది మా పరిశీలనలోకి రాదు సిస్టర్" అన్నారు, మర్యాదగానే. మరి ఎవరి పరిశీలనలోకి వస్తుందో!

సాయంత్రం సరోజక్క చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"దీనికీ షుగరే. ఆ ఫొటో తియ్యి తల్లీ. ఏంది, మిషను యాడ?"

నోటికి వచ్చింది చెప్పేశాను, రిపేరుకు పోయిందని. నువ్వు మాత్రం రేపే పెద్దాసుపత్రికి పో అక్కా అన్నాను.

"చెల్లెలిది కూడా చూసినాక ఇద్దరం కలిసే పోతాం. పొద్దున కొట్టు మా ఆయన చూస్తానన్నాడు, ఇప్పటికి ఒప్పుకున్నాడు. మిషను బాగైనాక ఫోన్ చెయ్యి."

సరేనన్నాను. మిషను బాగానే ఉంది.