జట్కా గుర్రం కాళ్లకు పూసిన మసి

సుబ్బులూ,

నువ్వు పోయి ఈరోజుకి మూడేళ్లు. మన లక్ష్మి రాసిన పుస్తకం ఇవాళే అచ్చయి ఇక్కడికి, లక్ష్మి ఉండే బాతెల్ ఊరికి వచ్చింది. సంతోషం పట్టలేక పోస్టాయనకి కూడా చూపించానే! కానీ నీ కూతురితో వేగడం నా వల్ల కాలేదు.

పుస్తకం గుర్రాల జాతుల గురించి. గుర్రాలన్నీ ఒకే మూలం నుంచి పుట్టాయని చూపడానికి, కాళ్ల మీద చారలున్న గుర్రాల వివరాలు పూర్వం శాస్త్రవేత్తలు దేశదేశాల నుంచి రాబట్టారట. మన జట్కా గుర్రానికి ఆ చారలే కదా! గాడిదకు పుట్టిందని బండెక్కేవాళ్లు నవ్వుతారని నేను రోజూ మసి పూసేవాణ్ణి. ఫొటో తీయించిన రోజునా పూశాను. "దాని అందం చెడగొట్టకయ్యా" అని నువ్వు పోట్లాడావు.

"ఉన్నదే ఈ ఒక్క ఫొటో నాన్నా! ఇందులో చారలేవి? ఎలా ప్రూవ్ చేయను?" అని నెల్లాళ్లు నన్ను పీక్కుతింది.

"మీ అమ్మనడుగు, రోజూ చూసేది" అని కసిరాను. నువ్వు లేవని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

చివరికి ఆ ఫొటోనే వేసింది. కింద ఇంగ్లీషులో రాసింది చదివించుకున్నాను: "మసి నాన్న పూశాడు. కింద చారలున్నాయి, అమ్మ చూసింది."

అందరూ చదివే పుస్తకంలో నాకు మసి, నీకు చారలు. చూశావా నీ కూతురి న్యాయం!