నూతి దగ్గర చెట్టు మట్టలు

కూర్మన్నపాలెం.

చెల్లి సీతాలుకు,

చేతివ్రాత బాగోలేదు, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. వేళ్ళు ఇదివరకటిలా వంగడం లేదు. మీరంతా కులాసాయే కదా? బావకు మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక్కడ మేము బాగానే ఉన్నాము. బెంగ పెట్టుకోకు. అబ్బాయి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళి వస్తున్నాడు. ఉక్కబోత ఎక్కువ. ఆరేసిన బట్టల మీద నల్ల పొడి పడుతుంది. నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. మీ వదినను రోజు విడిచి రోజు డయాలసిస్‌కు ఆటోలో తీసుకెళ్ళి తెస్తున్నాను.

నువ్వు బస్తాలో పంపిన కొబ్బరికాయలు చేరాయి. ఇక పంపకు. కోపం తెచ్చుకోకు. బస్తా వచ్చిన రోజు నేను కుళాయికి వెళ్ళి వచ్చేసరికి మీ వదిన గడప మీద కాయ కొట్టుకుని నీళ్ళు తాగేసింది. మన ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు ఇచ్చేది అవే కదా. సాయంత్రానికి గుండె దడ, కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఆస్పత్రికి మోసుకెళ్ళాము.

"కిడ్నీలు పోయినోళ్ళు కొబ్బరినీళ్ళు తాగితే గుండె ఆగిపోద్దమ్మా. ఎవరిచ్చారు?" అంది నర్సమ్మ.

"మా ఆడపడుసు పంపింది. నీళ్ళే గదమ్మా, ఇసమేటీ కాదు గదా" అంది మీ వదిన.

గండం గడిచింది. మిగిలిన కాయలు ఇంటి యజమానురాలికి ఇచ్చేశాను. ఆవిడ గోడ అవతల కొబ్బరి కోరుతుంటే మీ వదిన పడుకుని వింటుంది. "నల్ల పొట్టు కూడా కోరేత్తంది. పచ్చడి నల్లబడిపోద్ది, ఎల్లి సెప్పు" అంటుంది. నాకు మొహమాటం, చెప్పలేదు. పోపు వాసన వచ్చాక గోడ వైపు తిరిగిపోతుంది.

"లోపలిదే గదా వద్దన్నారు. పైది నాకియ్యి" అని పీచు, చిప్పలు అడిగి తెప్పించుకుంది. గిన్నెలు తోమడానికి పీచు చుట్టింది. నేను చిప్పను గాజుపెంకుతో గీకి గరిటె చేశాను. "ఇదేటి, తెడ్డా?" అని నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. నువ్వు పంపిన నూనె తలకు రాస్తున్నాను. జుట్టు చేతికి వచ్చేస్తోంది. ఆమెకు చూపించడం లేదు.

మొన్న పక్క వీధిలో ఒక ముసలాయన పోయాడు. వ్యానులో పెట్టి తీసుకుపోయారు. మీ వదిన గుమ్మంలోంచి చూసింది. "పచ్చి మట్ట ఒక్కటీ నేదు. నన్నలా పంపకు. మన నూతికాడ సెట్టు మట్టలతోనే పాడె కట్టించాల. సీతాలుకి రాయి" అంది. ఊరుకోమన్నాను. వింటేనా.

గాలివానకు మన తోటలో మిగిలింది ఆ ఒక్క చెట్టే. ఇంటి మీదకు ఒరిగింది, కొట్టేస్తానని బావ అన్నాడు కదా. నా మాటగా బతిమాలు. కొన్నాళ్ళు ఆగమను. ఆమె ఒళ్ళు ఇక తట్టుకోవడం లేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆమెకు చెప్పలేదు. ఫోన్లో నీతో అందామంటే ఉన్నది ఒకటే గది.

పెద్దమ్మకు నా దండాలు. మీ వదిన కోసం అమ్మవారికి మొక్కుకోమను. నీకు, పిల్లలకు మా ఇద్దరి దీవెనలు.

చెట్టు ఉందని రాయి. కొట్టేసి ఉన్నా ఉందనే రాయి. మీ వదినకు చదివి వినిపించేది నేనే గాని, కాగితం మీద లేని మాట నేను చదవలేను. నా గొంతు వినగానే కనిపెట్టేస్తుంది. తొందరగా రాయి.

మీ అన్నయ్య
అప్పలస్వామి