అణిగిపోయిన హంసలు

1946 ఆగస్టు, గురువారం

నేను గీసిన హంసల అంచును తనదని చెప్పుకుని మరిది, చీరలు నేయించే సావుకారు దగ్గర పేరు తెచ్చుకున్నాడు. పోయిన నెల ఒక పెళ్ళిచీర కోసం గళ్ళ కాగితం మీద కొత్త అంచు గీసిస్తే, "ఇవి హంసలా, కొంగలా వదినా? మెడలు ఇంత పొడుగుండాయి" అని నవ్వి, తనే పొట్టిగా దిద్దాడు.

జకార్డు మగ్గం మీద అడ్డంగా పడే పేక పోగులు దగ్గరగా కూర్చుని బొమ్మ అణిగిపోతుంది. అందుకే కాగితం మీద పొడుగ్గా గీయాలి. ముగ్గులు వేసిన ఈ చేతికి ఆ లెక్క పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రోజు ఒక్క మాట చెప్పగలిగేదాన్నే. చెప్పలేదు. అతను తను దిద్దిన బొమ్మ ప్రకారమే అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గానికెక్కించాడు.

ఈ రోజు పెళ్ళిచీర మగ్గం దిగింది. సావుకారు మా వాకిట్లోనే విప్పి చూశాడు. "ఏమప్పా, పెండ్లికూతురికి బాతులు కట్టిస్తావా?"

మరిది నా వైపు చూశాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉన్నాను.

"వదినా, ఆ కాగితం రవంత దిద్దియ్యి. మళ్ళీ నేయిస్తాను."

"మొదటి అంచు ఎవరు గీసినారో ఆయనకు చెప్పప్పా. దిద్ది ఇస్తాను."

మరిది వంగి చీర మడత పెట్టసాగాడు. ఆ పిల్ల పెళ్ళికి ఏం కట్టుకుంటుందోనని దిగులుగానే ఉంది. అయినా అతను చెప్పేదాకా పెన్సిలు ముట్టను.