నలక కనపడిన బ్యాచ్

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. ఇది నీకు చేరదని తెలిసినా, నిన్న జరిగింది నీకే చెప్పాలనిపించింది.

పులివెందుల దగ్గర సూదిమందులు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. సీసాలను నల్ల పలక ఎదుట, లైటు కింద తిప్పి మందులో నలకలున్నాయేమో చూస్తాను. నిన్న ఒక బ్యాచ్‌లో మూడు సీసాల్లో గాజు రేణువులు మెరిశాయి. బ్యాచ్ మొత్తం ఆపేశాను.

మేనేజరు పరుగున వచ్చాడు. "కనపడీ కనపడని దానికి ఇంత రాద్ధాంతమేందిమ్మా? రేపు ప్రొద్దుటూరులో నాయకుని వైద్య శిబిరానికి ఈ మందే పోవాల. పార్టీ ఆఫీసు నుంచి ఫోన్లు వస్తాండాయి. సంతకం పెట్టు."

జమ్మలమడుగు ఆసుపత్రిలో నువ్వు కాంపౌండరుగా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. బాంబు దెబ్బ తిన్నవాణ్ణి మోసుకొచ్చిన మనుషులు "బిన్నా ఎక్కియ్యప్పా" అని తొందరపెడుతూ మీదికొస్తుంటే, సెలైన్ సీసాను కిటికీ వెలుగులో చూసి, "దీంట్లో నలకుండాది, ఎక్కించను" అని ఇంకొకటి తెచ్చావట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వాడిది ఏ పార్టీ అని మాత్రం నువ్వు అడగలేదట.

"ఇది ఎవరి నరంలోకి పోతాదో మనకు తెలీదు సార్. నేను పెట్టను" అన్నాను. ఆ మూడింట్లో ఒక సీసా ఆయన చేతికిచ్చాను.

ఆయన సీసాను తనే లైటు కింద పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఫోన్లకు నేను చెప్పుకుంటాలే" అని, ఫారం మీద 'తిరస్కరించడమైనది' అని రాసి నా ముందుకు జరిపాడు.

రోజూ పెట్టే పొట్టి సంతకం పెట్టలేదు నాయనా. నీ ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా రాశాను.