కత్తెర పెట్టకముందు

నా క్రేను రాణికి,

అమ్మ దీవించి రాసేది. నేనూ నీ కూతురు పిట్టా కులాసా. నువ్వు ఆ ఎత్తున భద్రంగా, వేళకి తింటూ ఉన్నావని తలుస్తాను. ముందు ఒక మాట. టికెట్టు కొనకు. కొని ఉంటే వాపసు ఇచ్చెయ్యి. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

కిందటి ఉత్తరంలో వరసగా అడిగావు కాబట్టి వరసగానే జవాబిస్తాను. నా మోకాలు నా మాట వింటోంది. కుట్టు మిషను మోటారు బాగుచేయించాను, ఇప్పుడు పక్కింటివాళ్లు నిద్రపోగలుగుతున్నారు. నీ కూతురు లెక్కల్లో పాసయింది. ఎన్ని మార్కులని అడక్కు, పాసయింది. నీకు పైన కళ్లు తిరగడం తగ్గిందని చదివి ఎంత సంబరపడ్డానో. మేడ మెట్లెక్కడానికి ఏడ్చిన పిల్లవి, క్రేనెక్కి ఓడల్లోంచి పెట్టెలు దింపుతున్నావు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను, అడిగినా అడక్కపోయినా.

ఇక అసలు సంగతి. పిట్టకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా నేను వేయించకపోతే, క్రేను శిక్షణలో నీ ఆఖరి పరీక్ష వదిలేసి వచ్చి నువ్వే వేయిస్తానన్నావు. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. పరీక్ష వదిలేస్తే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అయినా నా మొండితనం నాది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పన్నెండేళ్ల పిల్లకి ఇప్పట్నుంచే ఈ సూదేమిటి, పెళ్లి కుదిరాక చూసుకోవచ్చు కదా అని నా వాదన.

ఆ వాదన అంతకుముందే విన్న మన వీధి చివర ఆసుపత్రి నర్సు దాన్ని రెండు ముక్కలు చేసింది. యూనిఫాం కుట్టమని తెల్ల నూలు గుడ్డ తెచ్చి, రేపటికే కావాలంది.

“గుడ్డ నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడే కత్తెర పెడతాను. రెండు రోజులాగండి,” అన్నాను.

“కుట్టేశాక ఉతుక్కుంటాలెండి.”

“కుట్టాక తడిపితే ముడుచుకుపోయి చంక కింద పట్టేస్తుంది. దేనికైనా ముందూ వెనకా ఉంటుందమ్మా.”

ఆవిడ నవ్వింది. “మరి మీ మనవరాలి టీకా అంటే పెళ్లి కుదిరాక అంటారేం? శారీరక సంబంధాలు మొదలుకాక ముందే వేస్తే అది బాగా పనిచేస్తుంది. ఒంట్లో చేరిపోయిన వైరస్‌ని అది తీసెయ్యలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.”

“పిల్లకి లేనిపోని ఆలోచనలు రావూ?”

“చిన్నప్పుడు ధనుర్వాతం సూది వేయించారుగా. అప్పట్నుంచీ తుప్పు మేకుల మీద నడుస్తోందా?”

నా వేలితో నా కన్నే పొడిచింది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

మర్నాడే పిట్టని తీసుకెళ్లాను. దారిలో ఎలా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే, “స్కూల్లో చెప్పారు అమ్మమ్మా, నువ్వు ఇబ్బంది పడకు,” అంది. ఏళ్ల తరబడి సూదితోనే బతికినదాన్ని, ఆ సూది చూసి పిట్ట చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. “అయిపోయింది, ఇక వదులు. సూది కంటే నీ పట్టే నొప్పిగా ఉంది,” అంది. సాయంత్రానికి ఆటల్లో పడింది. రెండోది ఆరు నెలల తర్వాత.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. పెళ్లీ పెటాకులూ అన్నది పైపై మాట. లోపల ఉన్నది భయం. మా అక్క, నువ్వు చూడని మీ పెద్దమ్మ, పోయింది ఈ జబ్బుతోనే. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు, డాక్టరు చూసేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ టీకా పేరెత్తితే చాలు, మంచం మీద అక్కే కనిపించేది.

ఆ రోజు సూది వేయించుకున్నాక పిట్ట నర్సుని, “మా అమ్మమ్మకి వెయ్యరా?” అని అడిగింది. నా వయసుకి కావలసింది టీకా కాదు, ఆ జబ్బు ఉందేమో ముందే చూసే పరీక్ష అని ఆవిడ చెప్పింది. పిట్ట నా వైపు చూసింది. అంత చిన్నది చెయ్యి చాచాక నేనెలా వెనక్కి తగ్గను? అప్పుడే చేయించుకున్నాను. ఫలితం వచ్చేదాకా నా బుర్ర నా దగ్గర లేదు, ఒక గౌనుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. నిన్న వచ్చింది. ఏ లోపమూ లేదట. షాపు మూసేసి, నేనూ పిట్టా ఐస్‌క్రీం తిన్నాం, రెండేసి.

అక్క పోయిన వయసు దాటాక నేను బతికిన ప్రతి ఏడూ ఆమె దగ్గర దొంగిలించినట్టే ఉండేది. నిన్నటితో అది పోయింది. నువ్వు నిశ్చింతగా పరీక్షకి వెళ్లు, పాసై రా. ముప్పై దాటావు, వచ్చాక నీకూ ఆ పరీక్ష చేయిద్దాం, సిగ్గుపడొద్దు. ఇంత భయపెట్టిన జబ్బు పిట్టకి మాత్రం ఎప్పుడో ఒకరోజు చెయ్యి నొప్పెట్టిన సంగతిగానే గుర్తుండాలి.

ఇట్లు,
వాదనలో ఓడిపోయి హాయిగా ఉన్న
మీ అమ్మ