తిరుత్తణి సభలో బిలాల్ పేరు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది చదవడానికి నువ్వు లేవని తెలిసీ రాస్తున్నాను, నిన్న జరిగింది ముందు నీకే చెప్పాలి.

మన ప్రాంతానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల చరిత్ర మీద తిరుత్తణిలో సభ పెట్టారు. మాట్లాడతానని నా కూతురు లత పేరిచ్చింది. నీ కొడుకు, మా మామ, వద్దన్నాడు. "ఆ కథలు ఇప్పుడెందుకు పాపా? నలుగురూ నవ్వతారు" అన్నాడు. చిన్నప్పుడు రింగుల జుట్టని బడిలో ఏడిపించింది ఆయనింకా మరిచిపోలేదు.

లత వెనక్కి తగ్గలేదు. మన వంశానికి మూలపురుషుడు బిలాల్‌ను బానిసగా పళవేర్కాడు, అదే పులికాట్, రేవులో దించారనీ, ఆయన తప్పించుకుని ఇటు నడిచొచ్చి బావులు తవ్వి బతికాడనీ నువ్వు చెప్పినట్టే చెప్పింది.

వెనక నుంచి ఒక ముసలి రైతు లేచాడు. "మా ఊర్లో పిలాలు బావి ఉండాది. ఆ నీళ్లే తాగి పెరిగినాం. ఆ పేరెవరిదో ఇన్నాళ్లూ మాకు తెలీలేదమ్మా!"

సభంతా చప్పట్లు. మామ తటాలున వేదికెక్కి మైకందుకున్నాడు. "ఆ బావి తవ్వినాయన మా పెద్దాయన. మేమంతా ఆయన బిడ్డలమే" అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఈ పొద్దున అందరం ఆ బావి దగ్గరికి వెళ్లాం అవ్వా. మామే నీళ్లు తోడి, మొదట లత దోసిట్లో పోశాడు.

నీ మనవరాలు