జో వెనక్కి నడవడు

డెట్రాయిట్,
1979 ఏప్రిల్ 19, గురువారం

టొలీడోలో అక్కగారింట ఉన్న సోదరుడు కార్నెల్ మేబ్రీకి,

ఓజెల్లా గెయిన్స్ ప్రభువు పేర వందనాలు చెప్పి రాస్తున్నది. నీ మోకాళ్ల నొప్పులు నెమ్మదించాయని, వెర్నా అక్క కులాసాగా ఉందని తలుస్తాను. ఇక్కడి సంగతులు వరసగా రాద్దామనే కూర్చున్నాను గానీ చెయ్యి ఆగడం లేదు. అసలు మాట ముందే చెప్పేస్తాను. మా ఆయన నిన్న నోరు విప్పాడు. బతికాడు, కార్నెల్. థాడియస్ థాడియస్‌లాగే ఉన్నాడు.

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ వెర్నాయే ఎత్తి, 'పెరట్లో కూర్చున్నాడమ్మా, ఫోను దగ్గరకి రానంటున్నాడు' అంది. అందుకని కాగితం పట్టుకున్నాను. ఉత్తరం నీ దగ్గరకే వస్తుంది, నువ్వు లేవనక్కర్లేదు.

మార్చి ఇరవై నాలుగున విల్‌బర్న్ క్షౌరశాలలో జరిగింది నేను చూడలేదు. ఆ సాయంత్రమే మా ఆయన పడీపడీ నవ్వుతూ చెప్పాడు. నాకు తెలిసింది ఎంతో నీకూ తెలియాలి గనక రాస్తున్నాను. బాక్సింగులో జో లూయిస్, మహమ్మద్ అలీ ఇద్దరూ మంచి వయసులో ఎదురుపడితే ఎవరు గెలుస్తారన్న పాత పేచీయే. 'మీ జో ఎద్దులా ముందుకే నడుస్తాడు. అలీ ఎక్కడున్నాడో వెతుక్కునేసరికి పదిహేను రౌండ్లూ అయిపోతాయి' అన్నావట నువ్వు. 'ఎంతసేపు తిరుగుతాడ్రా? రింగుకి ఉన్నవి నాలుగు మూలలేగా' అన్నాడట ఈయన. అరవై రెండేళ్ల ఈయన, అరవై ఏళ్ల నువ్వు, మెడకి కట్టిన గుడ్డలైనా విప్పకుండా కుర్చీల్లోంచి లేచారు. అలీ ఎలా వెనక్కి వాలి ఎడమచెయ్యి విసురుతాడో నువ్వు చూపించావు. అది ఈయన చెంపకి తగిలీ తగలనట్టు తగిలింది. కింద రాలిన వెంట్రుకల మీద బూటు జారి, ఈయన వెళ్లి కుర్చీకింది ఇనప మెట్టు మీద పడ్డాడు. ఎడమ కనుబొమ పైన బొప్పి కట్టింది. 'ఇది లెక్కలోకి రాదు, జారాను' అంటూ లేచాడట. షాపంతా గొల్లుమంది.

ఆ పై జరిగింది నీకూ తెలుసు. ఈ నెల ఎనిమిదిన, మట్టల ఆదివారం నాడు, చర్చి ఆరాధనలో అందరం పాటకి నిలబడితే ఈయన మాత్రం కూర్చుండిపోయాడు. పాటల పుస్తకం చేతిలోంచి జారిపోయింది. తలలో నెత్తురు గడ్డ కట్టిందని ఆస్పత్రిలో పుర్రె తెరిచారు. వరండాలో నువ్వు టోపీ నలుపుకుంటూ వచ్చినవాడికల్లా 'నేనే కొట్టాను, నేనే కొట్టాను' అని చెప్పుకున్నావు. నా దగ్గరకీ వచ్చావు. నేను తల తిప్పుకున్నాను. అది నువ్వు చూశావు. రెండోనాటికి నువ్వు ఊళ్లో లేవు.

ఆపరేషను అయ్యాక పది రోజులు ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు గానీ ఆ కళ్ల వెనక ఎవరూ లేరు. చిన్న డాక్టరు రోజూ వచ్చి 'మీ పేరేంటి? ఇది ఏ నెల? ప్రెసిడెంటు ఎవరు?' అని అడిగేవాడు. ఈయన గోడకేసి చూసేవాడు. కీర్తనలు చదివి వినిపించాను. ఎదురింటివాళ్లు కారు మార్చిన సంగతి, మన పాస్టరుగారి కొత్త కళ్లజోడు సంగతి, ఫ్యాక్టరీలో ఎవరెవరు రిటైరయ్యారో, అన్నీ చెప్పాను. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. 'ఇలాగే ఉండిపోవచ్చు, మీరు సిద్ధపడాలి' అన్నాడు డాక్టరు నిన్న పొద్దున.

మధ్యాహ్నం సూపు తాగించి, మూతి తుడిచి, కుర్చీ దగ్గరకి లాక్కున్నాను. ఎందుకు తోచిందో తెలియదు. పదిహేనేళ్లుగా మా వంటింట్లో నా మొక్కజొన్న రొట్టె తింటూ మీరు మాటలతో ఆడిన జో, అలీ పోటీ కదా, నాకు కంఠతా వచ్చు. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది నాటి జో, అరవై ఆరు నాటి అలీ. అంతవరకూ మీకు పేచీ లేదు. మన బ్రిగ్స్ స్టేడియంలో పెట్టాను. గంట కొట్టించాను.

మొదట ఆయన్ని సంతోషపెడదామనే చెప్పాను. మూడు రౌండ్లు అలీ చుట్టూ తిరిగాడు. జో తొందరపడకుండా అడుగులు జరుపుకుంటూ వెంటే నడిచాడు. నాలుగో రౌండులో మూలకి నెట్టి డొక్కల్లో నాలుగు ఇచ్చాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. మా ఆయన రెప్ప కూడా కదల్లేదు.

నాకు ఒళ్లు మండింది. సరే, నీ పక్షానికి ఫిరాయించాను.

'ఐదో రౌండు. జో ఎడమచెయ్యి విసిరి కిందికి దించేశాడు, ఆ పాత జబ్బు ఎక్కడికి పోతుంది? అలీ కుడిచేత్తో ఒక్కటిచ్చాడు' అన్నాను. దుప్పటి మీద బొటనవేలు కదిలింది. నా కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాను. అయినా వదల్లేదు. 'ఆరో రౌండు. జో వెనక్కి నడుస్తున్నాడు. ఒకడుగు. రెండడుగులు. వీపు తాళ్లకి తగిలింది. మొహం కప్పుకున్నాడు పాపం.'

'నడవడు.'

గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉంది. నేను గిన్నె కింద పెట్టేశాను. 'ఎవరు నడవరు?' అన్నాను.

'జో. వెనక్కి నడవడు. ఎవడు చెప్పాడే నీకు, ఓజీ? ఆ కార్నెల్ గాడా?'

నేను వేసిన కేకకి నర్సు పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక చిన్న డాక్టరు. పేరు అడిగాడు. 'థాడియస్ గెయిన్స్. కాస్త ఆగు బాబూ, ఆరో రౌండు నడుస్తోంది' అన్నాడు ఈయన. ప్రెసిడెంటు ఎవరంటే, అదీ సరిగ్గానే, 'ఆ వేరుశనగల రైతు. నువ్వు చెప్పు, జో లూయిస్ వెనక్కి నడిచే మనిషేనా?' అని ఎదురడిగాడు. 'నేను పుట్టేసరికే ఆయన రిటైరయ్యాడండీ' అన్నాడు డాక్టరు. మా ఆయన నాకేసి తిరిగి, 'ఇలాంటివాడికా నా తల తెరవనిచ్చావు?' అన్నాడు.

కార్నెల్, నేను బయటికి వచ్చేశాను. ఆ వరండాలోనే, నేల తుడుస్తున్న మనిషి పక్కనే, గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఆ మనిషి తుడవడం ఆపి నా పక్కన నిలబడ్డాడు.

అంతా బాగైపోయిందని చెప్పను. ఎడమకాలు ఈడుస్తున్నాడు. పొద్దున చెంచాని 'కుర్చీ' అన్నాడు, తప్పని తెలిసి తనే విసుక్కున్నాడు. నెలలు పడుతుందట. పట్టనీ. ఓట్సు గంజి రెండు గిన్నెలు తాగి, ఉప్పు లేదని నర్సుతో పోట్లాడాడు.

తర్వాత నీ గురించి అడిగాడు. 'వాడేడీ?' టొలీడో వెళ్లాడన్నాను. 'ఎందుకూ?' 'నిన్ను కొట్టి చంపానని బెంగపెట్టుకున్నాడు' అన్నాను. నవ్వడం మొదలుపెట్టాడు చూడు, కట్టు ఊడుతుందేమోనని హడలిపోయాను. 'వాడా? నన్నా? ఆ చేత్తో ఈగ కూడా చావదు. ఏడో రౌండుకి రమ్మని చెప్పు. నీతో ఆడితే బాగాలేదు, నీకు న్యాయం తెలీదు' అన్నాడు.

శనివారం బస్సెక్కు. స్టేషనుకి విల్‌బర్న్ కారు తెస్తాడు. క్యాట్‌ఫిష్ వేయించి, ఆకుకూర వండి ఆస్పత్రికే తెస్తాను. నర్సులకి కూడా పెట్టి నోళ్లు మూయిస్తాను.

నువ్వు వస్తావన్న నమ్మకంతో,
నీ సహోదరి
ఓజెల్లా గెయిన్స్

తా.క. కవరు అంటించేశాను. మళ్లీ ఆవిరి పట్టి తెరిచాను. నీకు చెప్పనిది ఒకటి ఉంది.

విల్‌బర్న్ షాపులో మీ గొడవైన నాలుగో రోజు, బుధవారం, మా ఇంటి చూరు కాలువలో ఆకులు పేరుకుని గోడ తడుస్తోందని ఈయన్ని నిచ్చెన ఎక్కించాను. నడుం పట్టేసింది, రేపు చేస్తానన్నాడు. నెల రోజులుగా ఇదే మాటని గయ్యిమన్నాను. ఎక్కాడు. నిచ్చెన జారి వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం సిమెంటు మెట్టుకి కొట్టుకుంది, ఆ చప్పుడు నేను విన్నాను. 'ఎవరికీ చెప్పకు, షాపులో వాళ్లు ఆడుకుంటారు' అన్నాడు. ఐసు పెట్టి ఊరుకున్నాను.

ఆపరేషను రోజున పెద్ద డాక్టరు గడ్డ తల వెనకాల ఉందన్నాడు. 'ఆ వైపు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?' అని అడిగితే తెలియదన్నాను. సరిగ్గా అప్పుడే నువ్వు వచ్చి నేనే కొట్టానన్నావు. నీవల్ల తగిలింది ఎడమ కనుబొమ మీద, దాని మచ్చైనా మిగల్లేదు. అది తెలిసే తల తిప్పుకున్నాను. ఆ నేరం నువ్వు మోస్తుంటే నాకు తేలికైంది. ఇదీ నిజం.

ఆయనకి నిచ్చెన సంగతి గుర్తు లేదు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రేపు పొద్దున డాక్టరుకీ, ఆయనకీ చెప్పేస్తాను. ముందు నీకు చెప్పాలనిపించింది. నన్ను క్షమించడం నీ ఇష్టం, బస్సు మాత్రం తప్పక ఎక్కు.

నువ్వు భోజనం దగ్గర కూడా ఎడమచెయ్యి కోటు జేబులోంచి తియ్యడం లేదని వెర్నా చెప్పింది. తియ్యి, కార్నెల్.